పీపా అడుగున మిగిలింది: చమురు శుద్ధి చరిత్రలో కొన్ని ఘట్టాలు

చమురు గురించి సాహిత్యం రాసినవాళ్లు చాలామంది బావి దగ్గరే ఆగిపోయారు. అప్టన్ సింక్లేర్ 1927లో రాసిన ‘ఆయిల్!’ నవల కాలిఫోర్నియా బావుల చుట్టూ, అక్కడి సమ్మెల చుట్టూ తిరుగుతుంది. అబ్దుల్ రహ్మాన్ మునీఫ్ 1984లో అరబ్బీలో ప్రచురించిన నవల (ఇంగ్లీషులో ‘సిటీస్ ఆఫ్ సాల్ట్’) ఒక ఒయాసిస్సు ఊరు చెదిరిపోయి రేవూ పైపులైనూ పుట్టుకురావటాన్ని చెబుతుంది. రెండూ గొప్ప నవలలే. కాని భూమిలోంచి వచ్చిన నల్లటి చిక్కటి ద్రవం బంకులో పోసే పల్చటి పెట్రోలుగా మారే చోటు ఒకటుంది. అక్కడికి రచయిత పెద్దగా వెళ్లలేదు. ప్రహరీ గోడ ఎత్తు కావటం ఒక కారణం. లోపల జరిగేది రసాయన శాస్త్రం, అది మనకు సంబంధించని వ్యవహారం అన్న జంకు రెండో కారణం. ఆ జంకు వల్ల ఆ చరిత్రను కంపెనీలకే వదిలేశాం. వాళ్లు దాన్ని మేధావుల బుర్రల్లో మెరిసిన మెరుపుల కథగా రాసుకున్నారు.

కథలోకి వెళ్లేముందు కాస్త శాస్త్రం చెప్పుకోక తప్పదు. ముడి చమురు ఒక పదార్థం కాదు. కర్బనం, హైడ్రోజన్ కలిసిన చిన్నా పెద్దా అణువుల కలగాపులగం. సారా బట్టీలో లాగా కాచి ఆవిరిని చల్లారిస్తే ముందు గ్యాసు, తర్వాత పెట్రోలు, ఆపైన కిరసనాయిలు, డీజిలు విడివిడిగా వస్తాయి. అడుగున తారులాంటి మడ్డి మిగులుతుంది. బరువైన ముడి చమురయితే ఈ మడ్డే పీపాలో సగం దాకా ఉంటుంది. గంధకమూ లోహాలూ ఎక్కువగా చేరేది అందులోనే. బట్టీ ఉన్నదాన్ని వేరు చెయ్యగలదు గాని లేనిదాన్ని పుట్టించలేదు. తేలిక నూనె ఇంకా కావాలంటే మడ్డిలోని పెద్ద అణువులను విరగ్గొట్టాలి. అందుకు దారులు రెండు. వేడితో విరిచి, మిగులు కర్బనాన్ని బొగ్గులా బయటకు తియ్యటం ఒకటి. బయటి నుంచి హైడ్రోజన్‌ను ఎక్కించటం మరొకటి. నూటపాతికేళ్లలో వచ్చిన యంత్రాలన్నీ ఈ రెండు దారుల్లోనే ఎక్కడో ఒకచోట ఉంటాయి. నా దృష్టిలో అసలు ప్రశ్న యంత్రానిది కాదు. తేలికైనది ఎవరికి దక్కింది, బరువైనది ఎవరి నెత్తిన పడింది అన్నది.

1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ బావి తవ్వినప్పుడు జనానికి కావలసింది దీపపు నూనె. పెట్రోలుకు అడిగే దిక్కు లేదు, వాగుల్లోకి వదిలేసేవారు. 1885లో ఒహాయో రాష్ట్రంలోని లీమా దగ్గర చమురు పడింది. గంధకంతో కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టేది. దీపం పెడితే చిమ్నీ మసిబారి ఇల్లంతా గబ్బు. రాక్‌ఫెల్లర్ ఆ కంపు నూనెను అగ్గువకు కొని నిలవ వేశాడు, తోటి డైరెక్టర్లు వద్దంటున్నా వినలేదు. హెర్మన్ ఫ్రాష్ అనే జర్మన్ రసాయనికుణ్ణి జీతానికి పెట్టుకున్నాడు. ఫ్రాష్ ఆ నూనెను రాగి ఆక్సైడుతో కలిపి కాచి గంధకాన్ని లాగేశాడు. మిషిగన్ సరస్సు ఒడ్డున వైటింగ్‌లో స్టాండర్డ్ ఆయిల్ కట్టిన పెద్ద కర్మాగారం ఈ కిటుకు మీదే నిలిచింది. కంపెనీ చరిత్రలు ఇక్కడితో చప్పట్లు కొడతాయి. కాని నూనెలోంచి తీసిన గంధకం ఎక్కడికి పోయింది? రాగితో కలిసిన గంధకాన్ని మళ్లీ కొలిమిలో కాల్చితేనే రాగి ఆక్సైడు తిరిగి చేతికొస్తుంది. కాల్చినప్పుడు గంధకం పొగై గాలిలో కలుస్తుంది. అంటే కొనుక్కున్నవాడి దీపంలో లేని కంపు కర్మాగారం పక్కన బతికేవాడి ముక్కులోకి వెళ్లింది. ‘శుభ్రమైన ఇంధనం’ అన్న మాటకు మొదటి అర్థం ఇదీ!

ఆ దీపపు నూనె మన ఊళ్లకూ వచ్చింది. ఆముదపు ప్రమిదల పక్కన కిరసనాయిలు బుడ్లు వెలిశాయి, ఖాళీ డబ్బాలు నీళ్లు మోసే కావిళ్లయ్యాయి. తూర్పు తీరానికి ఆ నూనె చాలావరకు బర్మా నుంచి వచ్చేది. 1886లో గ్లాస్గోలో పెట్టిన బర్మా ఆయిల్ కంపెనీ ఎగువ బర్మాలో తవ్విన చమురును రంగూన్‌కు ఎదురుగా నది అవతల సిరియంలో శుద్ధి చేసేది. అక్కడి బట్టీల దగ్గర, డబ్బాల షెడ్లలో, రేవులో చాకిరీ చేసినవాళ్లలో గోదావరి జిల్లా నుంచీ విశాఖ, గంజాం జిల్లాల నుంచీ వలస వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది. కోరంగి రేవు పేరుతో బర్మాలో వాళ్లను ‘కొరంగీలు’ అనేవారు, గౌరవంగా కాదు. మేస్త్రీ ఇచ్చిన బయానాకు కట్టుబడి ఓడెక్కి, ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ చేతికింద బతికినవాళ్లు. ఇంటి దగ్గర దీపంలో వెలిగే నూనెను సముద్రం అవతల కాచి పంపినవాడు ఆ ఇంటివాడే కావచ్చు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక బర్మావాళ్లను తీసేశారు. పేదలూ పేదలూ నరుక్కున్నారు. 1942 మార్చిలో జపాన్ సైన్యం వస్తోందని బ్రిటిష్‌వాళ్లు సిరియం కర్మాగారాన్ని తామే తగలబెట్టి వెళ్లిపోయారు. కాలినడకన కొండలు దాటి వచ్చిన లక్షలాది జనంలో అక్కడ పనిచేసినవాళ్లూ ఉన్నారు.

అడుగు మడ్డిని విరగ్గొట్టే ఆలోచన అమెరికాలోనే పుట్టిందన్న నమ్మకం ఒకటుంది. వ్లదీమిర్ షూఖోవ్ అనే రష్యన్ ఇంజనీరు వేడితో, ఒత్తిడితో నూనెను విరిచే పద్ధతికి 1891లోనే పేటెంటు తీసుకున్నాడు. అది కాగితం మీదే ఉండిపోయింది. ఎందుకంటే బాకూ చమురులో అడుగున మిగిలే మజుత్‌కు అప్పటికే గిరాకీ ఉంది. కాస్పియన్ ఓడలూ వోల్గా పడవలూ రైలింజన్లూ దాన్నే మండించేవి. దాన్ని చిమ్మి మండించే గొట్టాన్ని రూపొందించినవాడూ ఈ షూఖోవే. మడ్డికే మార్కెట్టు ఉన్నప్పుడు మడ్డిని విరిచే విజ్ఞానం ఎవడిక్కావాలి? విజ్ఞానం దానంతటది ముందుకు నడుస్తుందని నమ్మేవాళ్లు ఈ సంగతి గమనించాలి. ఆ బాకూలోనే 1904 డిసెంబరులో చమురు కార్మికులు సమ్మె కట్టి, యజమానుల చేత సమష్టి ఒప్పందం మీద సంతకం పెట్టించారు. రష్యాలో అలాంటి ఒప్పందాల్లో అదే మొదటిదంటారు. జనం దానికి ‘మజుత్ రాజ్యాంగం’ అని పేరు పెట్టారు. జారు దేశానికి రాజ్యాంగం ఇవ్వకముందే మడ్డిలో పనిచేసేవాళ్లు తమది తాము రాయించుకున్నారన్నమాట!

అమెరికాలో పరిస్థితి వేరు. 1900 తర్వాత విద్యుద్దీపాలు వచ్చాయి, మోటారు కార్లు వచ్చాయి. వాగులో పారబోసిన పెట్రోలు బంగారమయింది. బట్టీలో కాస్తే పీపాకు అయిదోవంతుకు మించి పెట్రోలు రాదు. వైటింగ్ కర్మాగారంలోనే పనిచేసే విలియం బర్టన్, రాబర్ట్ హంఫ్రీస్‌తో కలిసి 1909 నుంచి ప్రయోగాలు చేశాడు. బరువైన నూనెను మూసిన ఇనప కాగులో పోసి, ఆవిరిని బయటకు పోనివ్వకుండా ఒత్తిడి పెంచుతూ, సుమారు 400 డిగ్రీల సెంటిగ్రేడు దాకా కాచారు. అణువులు విరిగాయి, పెట్రోలు దిగుబడి రెట్టింపయింది. పెద్ద ఎత్తున కట్టటానికి బర్టన్ డబ్బు అడిగితే న్యూయార్క్ పెద్దలు ప్రమాదమని కాదన్నారు. 1911లో సుప్రీంకోర్టు తీర్పుతో స్టాండర్డ్ ఆయిల్ 34 ముక్కలయ్యాకే ఇండియానా కంపెనీకి సొంతంగా నిర్ణయించుకునే వీలు దొరికింది. 1913 జనవరిలో పేటెంటు వచ్చింది. గుత్త పెట్టుబడి ఉత్పత్తి శక్తుల కాళ్లకు ఎలా బంధం వేస్తుందో చెప్పటానికి పాఠ్యపుస్తకాల్లో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ కాగులను కాసేపు చూద్దాం. అప్పటికి పెద్ద ఇనప రేకులను వెల్డింగుతో అతికే పద్ధతి ఇంకా కుదరలేదు. రేకుల అంచులు ఒకదానిమీద ఒకటి వేసి రివెట్లు కొట్టేవారు. లోపల నూనె మరుగుతూ ఒత్తిడి పెరిగితే అతుకుల్లోంచి కారేది. కింద మంట మండుతుండగానే బాయిలర్ పనివాళ్లు పైకెక్కి సుత్తీ ఉలీ పట్టుకుని ఆ అతుకులు బిగగొట్టేవారు. నూనె కారి మంటలో పడితే ఏమవుతుందో వాళ్లకు తెలియక కాదు. ఒక్కో వాయి అయ్యాక కాగు చల్లారబెట్టి, గోడలకు అట్టకట్టిన బొగ్గును మనుషులే లోపలికి దిగి గీకి తియ్యాలి. బర్టన్ పద్ధతి పనిచేసిందంటే ఈ చేతుల వల్ల పనిచేసింది. పేటెంటు మాత్రం ఒకరి పేర వచ్చింది. ఆ పద్ధతి వాడుకున్న ఇతర కంపెనీలు తమ లాభంలో 25 శాతం కప్పం కట్టాయి. మంట మీద అతుకులు బిగగొట్టినవాళ్ల పేర్లు మనకు తెలియవు.

దరిమిలా పేటెంట్ల యుద్ధం నడిచింది. ఆగకుండా నడిచే కాగును రూపొందించిన డబ్స్ అనే తండ్రీకొడుకుల పేటెంట్లతో యూనివర్సల్ ఆయిల్ ప్రాడక్ట్స్ అనే కంపెనీ పుట్టి, పెద్ద కంపెనీలతో ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడింది. (ఆ కొడుక్కి తండ్రి పెట్టిన పేరు కార్బన్! పెట్రోలియం అని తనే తర్వాత తగిలించుకున్నాడు.) చివరకు 1931లో పెద్ద కంపెనీలే కలిసి ఆ కంపెనీని కొనేశాయి.

ఇక సీసం కథ. దీని దగ్గర కొంచెం ఆగాలి. ఎందుకంటే ఇది భాష గురించిన కథ కూడా. వేగంగా నడిచే ఇంజన్లలో పెట్రోలు ఠకఠకమని కొట్టుకునేది. నాణ్యమైన పెట్రోలు తయారుచెయ్యటం ఒక పరిష్కారం. సారా కలపటం ఇంకొకటి. దానికి ఎవరి పేరనా పేటెంటు లేదు, కాబట్టి లాభమూ లేదు. 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్‌గ్లీ సీసం కలిసిన ఒక ద్రవాన్ని కనిపెట్టాడు. చుక్కలంత కలిపితే చాలు. 1923లో అమ్మకం మొదలైంది. సీసం విషమని రోమనుల కాలం నుంచీ లోకానికి తెలుసు. అందుకని సరుకు పేరులో సీసమన్న మాటే లేకుండా ‘ఇథైల్’ అని పెట్టారు. ఆడపిల్ల పేరులాంటి ముద్దు పేరు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారంలో ఆ ద్రవం తయారుచేసే షెడ్డులో పనివాళ్లకు మతి చలించింది. లేనివి కనిపించాయి, గోలపెట్టి పెనుగులాడారు. 49 మందిలో 5 మంది చచ్చిపోయారు, 35 మంది ఆస్పత్రి పాలయ్యారు. డ్యూపాంట్ కర్మాగారంలో ఇలాంటి పనివాళ్లు గాలిలో లేని పురుగుల్ని తోలుకోవటం చూసి తోటివాళ్లు ఆ షెడ్డును ‘సీతాకోకచిలుకల ఇల్లు’ అన్నారు. కంపెనీ పెట్టిన పేరూ పనివాళ్లు పెట్టిన పేరూ పక్కపక్కన పెట్టి చూడండి. నిజం ఏ భాషలో ఉందో తెలుస్తుంది.

1925లో వాషింగ్టన్‌లో జరిగిన సభలో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఈ విషాన్ని వీధుల్లోకి వదలొద్దని వాదించింది. మరుసటి ఏడు ప్రభుత్వ సంఘం నిషేధానికి ఆధారం లేదని తేల్చింది. బంకుల్లో ఇథైల్ మళ్లీ ప్రవహించింది. అది మన దేశంలో ఆగింది 2000లో. అన్నిటికంటే చివర 2021లో అల్జీరియాలో ఆగింది. దాదాపు నూరేళ్లు.

సీసం లేకుండానే మంచి పెట్రోలు తియ్యవచ్చని ఈలోగా రుజువయింది. ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హూడ్రీ ఒక రకం బంకమట్టి సమక్షంలో బరువైన నూనె తేలిగ్గా విరుగుతుందనీ, వచ్చే పెట్రోలు ఇంజన్లో కొట్టుకోదనీ చూపాడు. మట్టి మీద పట్టిన బొగ్గును మండించేస్తే మట్టి మళ్లీ పనికొస్తుంది. 1937లో పెన్సిల్వేనియాలోని మార్కస్ హుక్‌లో సన్ ఆయిల్ పెద్ద ప్లాంటు పెట్టింది. విషి ప్రభుత్వాన్ని ఎదిరించినందుకు హూడ్రీ పౌరసత్వం పోగొట్టుకున్నాడు. 1950ల్లో అతనే కార్ల పొగ మనుషుల ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందోనని బెంగపడి, పొగను శుద్ధిచేసే గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. కాని పెట్రోలులోని సీసం ఆ గొట్టాన్ని పాడుచేసేది. ఒక కంపెనీ లాభం మరో ఆవిష్కరణను ఇరవై ఏళ్లు నిలిపేసింది. 1975 మోడలు కార్లకు ఆ గొట్టాలు తప్పనిసరయ్యే నాటికి హూడ్రీ లేడు.

రెండో దారి, హైడ్రోజన్ ఎక్కించే దారి, జర్మనీది. బర్టన్‌కు పేటెంటు వచ్చిన 1913లోనే బెర్గియస్ బొగ్గును హైడ్రోజన్‌తో నూనెగా మార్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1927లో ఐ.జి. ఫార్బెన్ లాయినాలో దాన్ని పెద్ద ఎత్తున నడిపింది. 1931లో బెర్గియస్‌కూ ఫార్బెన్ అధిపతి బాష్‌కూ నోబెల్ బహుమతి ఇచ్చారు. హిట్లర్ విమానాలు ఆ పెట్రోలుతోనే ఎగిరాయి. అదే ఫార్బెన్ కృత్రిమ రబ్బరు, ఇంధనాల కోసం ఆష్విట్జ్ పక్కన మొనోవిట్జ్‌లో కర్మాగారం కట్టించింది. కట్టింది బందీలు. వాళ్లలో ఒకడు ఇటలీ రసాయనికుడు ప్రీమో లెవీ. 1947లో అతను ప్రచురించిన ‘ఇఫ్ దిస్ ఈజ్ ఎ మ్యాన్’ ఆ గోడ లోపలి నుంచి వచ్చిన పుస్తకం. రసాయన శాస్త్రం తెలిసినవాడు, ఆ శాస్త్రం ఎవరి చేతిలో ఏమవుతుందో ఒంటిమీద అనుభవించినవాడు రాశాడు. రసాయన శాస్త్రమంటే జంకే మన రచయితలు అది తప్పక చదవాలి.

మన దేశానికి వద్దాం. అంతకుముందు అబాదాన్ గురించి ఒక మాట. ఇరాన్‌లో బ్రిటిష్‌వాళ్లు కట్టిన ఆ కర్మాగారంలో భారతీయ కార్మికులు వేలల్లో పనిచేశారు. 1920లోనూ 1922లోనూ సమ్మె చేశారు. రెండోసారి దాదాపు రెండువేలమందిని ఓడలెక్కించి తిప్పి పంపారు. 1951లో మొసాదెగ్ ప్రభుత్వం ఆ చమురును జాతీయం చేసింది. 1953లో ఆయన్ను కూలదోశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే విదేశీ కంపెనీలకు మన దేశం మీద ప్రేమ పుట్టింది. స్టాన్‌వాక్, బర్మా-షెల్ బొంబాయిలో, కాల్టెక్స్ విశాఖపట్నంలో రిఫైనరీలు కట్టటానికి ఒప్పందాలు చేసుకున్నాయి. పాతికేళ్లపాటు జాతీయం చెయ్యబోమని మన ప్రభుత్వం రాసిచ్చింది. ముడి చమురు ఎక్కడినుంచి తేవాలో కంపెనీల ఇష్టం. 1957లో విశాఖ రిఫైనరీ మొదలైంది. సామర్థ్యం ఏడాదికి ఏడు లక్షల టన్నుల లోపే. తూర్పు తీరంలో అదే మొదటిది.

ఆ ఒప్పందాల అసలు రూపం 1960లో బయటపడింది. సోవియట్ యూనియన్ చవగ్గా ముడి చమురు ఇస్తానంటే, గనుల మంత్రి కె.డి. మాలవీయ మూడు కంపెనీలనూ దాన్ని శుద్ధి చెయ్యమని అడిగాడు. చెయ్యమన్నాయి. మన నేల మీద ఉన్న కాగులో ఏ నూనె కాయాలో చెప్పే హక్కు మనకు లేదు! ఆ అవమానమే ప్రభుత్వ రంగ రిఫైనరీలకు ఊపిరి పోసింది. రుమేనియా సాయంతో గువాహతి 1962లో, సోవియట్ సాయంతో బరౌనీ 1964లో, కొయాలీ 1965లో వచ్చాయి. 1974–76 మధ్య ఎస్సో, బర్మా-షెల్, కాల్టెక్స్ ప్రభుత్వపరమయ్యాయి. 1978లో విశాఖ రిఫైనరీ హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. జాతీయం చెయ్యటం సరైన పనే, అందులో సందేహం లేదు. ఆ మాట అన్నాక, బోర్డు మారినంత మాత్రాన గోడ మారలేదన్న సంగతీ చెప్పాలి. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో గ్యాసు లీకై మంటలు చెలరేగి దాదాపు 60 మంది చనిపోయారు. 2013 ఆగస్టులో కట్టుబడిలో ఉన్న కూలింగ్ టవర్ అంటుకుని 20 మందికి పైగా పోయారు. పర్మనెంటు ఉద్యోగికీ కాంట్రాక్టు కూలీకీ మధ్య గేటు దగ్గర మొదలయ్యే తేడా మంటల్లోనూ కనిపిస్తుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి మన పెట్రోలు, డీజిళ్లలో గంధకం పది లక్షల పాళ్లలో పదికి మించరాదు. అంతకుముందు యాభై ఉండేది. నగరాల గాలికి ఇది మంచిదే. దీనికోసం రిఫైనరీలు హైడ్రోజన్ ప్లాంట్లు పెంచాయి. ఆ హైడ్రోజన్ ఎక్కువగా సహజవాయువు, నాఫ్తాల నుంచే వస్తుంది, బొగ్గుపులుసు వాయువును గాలిలోకి వదిలి మరీ. విశాఖ రిఫైనరీని 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచే విస్తరణలోనూ అడుగు మడ్డిని హైడ్రోజన్‌తో విరిచే యూనిటే ముఖ్యం. సముద్రం మీద కూడా మడ్డికి చోటు తగ్గింది. 2020 జనవరి నుంచి ఓడల నూనెలో గంధకం మూడున్నర శాతం నుంచి అర శాతానికి దిగాలి.

మరి వేడితో విరిచినప్పుడు మిగిలే బొగ్గు సంగతి? దాన్ని పెట్‌కోక్ అంటారు. కెనడా, వెనెజువెలా మడ్డి చమురును అమెరికా రిఫైనరీలు విరిచి తేలిక నూనె తమ కార్లకు పోసుకున్నాయి. గంధకం నిండిన ఆ బొగ్గు అక్కడ మండిస్తే చట్టం అడ్డం. 2016లో అందులో 80 లక్షల టన్నులకు పైగా మన దేశానికి వచ్చింది. ఢిల్లీ గాలి పీల్చలేని స్థితికి వచ్చాక, 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్, హర్యానా, రాజస్థాన్‌లలో పెట్‌కోక్, ఫర్నేస్ ఆయిల్ వాడకాన్ని ఆపింది. 2018 ఆగస్టులో ఇంధనంగా వాడే పెట్‌కోక్ దిగుమతిని కేంద్రం నిషేధించింది. సిమెంటు కొలుములకూ సున్నపు బట్టీలకూ మినహాయింపు ఇచ్చింది.